పాలు పొంగిన చోట

పుస్తకం తప్పు చోట తెరుచుకుంది.

మొదటి బెంచీలో కూర్చున్న పాస్టరుగారి భార్యకు అది స్పష్టంగా కనిపించింది. ఆయన ఎడమ చేతి కింద పట్టుమని పది కాగితాలు లేవు. మిగతా లావంతా కుడివైపే ఉంది.

పొద్దున బైబిలు దుమ్ము దులుపుతుంటే గుర్తు రిబ్బను జారింది. ఎక్కడో ఒకచోట పెట్టేసింది. ఆయనే వెతుక్కుంటారులే అనుకుంది.

ఆయన వెతకలేదు. పేజీ మీద వేలు ఆనించి చదవడం మొదలుపెట్టారు.

గోడ మీద నిలబెట్టిన కావలివాడి గురించి. ఆ భాగం పుస్తకం సగం దాటాక గానీ రాదు.

ఒక్క మాట పొల్లుపోలేదు.

అపాయం వస్తుంటే చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే, అన్నంత వరకూ వచ్చి ఆగారు. ఊపిరి తీసుకునేంత సేపు కాదు. అంతకంటే ఎక్కువ. మళ్ళీ అందుకున్నారు. పోయిన ప్రాణాలకు జవాబు అతన్నే అడుగుతాడట దేవుడు.



గురువారం తను ఆగింది సరిగ్గా అక్కడే. పాలు పొంగుతుంటే స్టవ్ తగ్గించడానికి.

ఏడాదిగా ఆయన రోజూ పొద్దున్నే వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు.

"కాస్త చదివి పెట్టవే. నీ గొంతులో వినబుద్ధేస్తోంది."

"ఈ వయసులో ఇదేం ముచ్చటండీ," అంటూ మురిసిపోయి చదివేది. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివేది.

చూపు తగ్గిందని తెలుసు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు తనే పలికేది. "రండన్నయ్యా, ఆ తలుపులు బిగించేశారా?" అంటే వచ్చింది వడ్రంగి అని ఆయనకు తెలిసేది.

కాస్త మసకే అనుకుంది.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఈ గదిలో వినబడింది తను చదివిన చదువే. తను తడబడిన చోట తడబడుతూ, తను ఆగిన చోట ఆగుతూ.

కిటికీ బయట సండే స్కూలు వ్యాను నిలబడి ఉంది. ఆరాధన అయ్యాక పద్నాలుగు మంది పిల్లల్ని ఆయనే ఇళ్ళకు దింపుతారు. పక్క సీట్లో కూర్చుని "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అని గొణిగేది తనే.

ఇందాక గేటు దగ్గర వడ్రంగి వేళాకోళమాడాడు.

"ఏం అయ్యగారూ, పోయిన వారం వ్యానుతో ఈ స్తంభాన్ని గుద్దేశారంట?"

"అదే ఎదురొచ్చిందయ్యా, వందనం చెబుదామని."

అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఆమె నవ్వింది.

"ఈ మాట మీద సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి," అన్నారాయన, ఎప్పట్లాగే.

ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కసారీ లేవలేదు.

ఆయనకు చూపు లేదని తెలిస్తే ఈ పని పోతుంది. చర్చి వెనకాల ఇల్లూ పోతుంది. చూపు సంగతి ఎత్తితే ఇంకొక్క ఏడాది గడవనీ అనేవారాయన, పోయినేడు కూడా.

లేచింది.

"పిల్లల్ని ఇవాళ వ్యాను ఎక్కించకండి. అయ్యగారికి కళ్ళు కనబడటం లేదు." అందరి వైపు తిరిగింది. "నాకు తెలుసు. దాచింది నేనే."

 వెనక వరసలో ఒక తల్లి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

ఆయన పుస్తకం మూశారు. 

"చదివింది నేను," అన్నారు నెమ్మదిగా. "విన్నది మాత్రం ఆవిడ."

జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి చెయ్యి చాచారు.

ఆ చెయ్యి ఆమె ఉన్న చోటికి రెండడుగులు పక్కగా ఉంది.

ఆమె చప్పుడు కాకుండా రెండడుగులు జరిగి, ఆ చెయ్యి చూపిన చోట నిలబడింది.