రెండేళ్ల బాబుకి

గాజు తలుపు తోసుకుని ఆవిడ లోపలికి రాగానే, అమ్మాయి చేతిలోని రంగు కాగితం చుట్ట వదిలేసి లేచింది.

"ఈవిణ్ణి నేను చూసుకుంటాను పిన్నీ."

డబ్బుల కౌంటర్లో కూర్చున్న పెద్దావిడ ముక్కున వేలేసుకుంది. ఆ బొమ్మల కొట్లో అందరికీ ఆమె పిన్నే. పనికి కుదిరి ఎనిమిది నెలలైనా, పిలిస్తే గానీ కదలని పిల్ల ఇది!

"ఎవరికి మేడమ్?"

"మా బాబుకి. గురువారానికి రెండేళ్లు నిండుతాయి."

అబద్ధం. మొదటి మాటే అబద్ధం. అమ్మాయి పైకి మాత్రం నవ్వింది.

"గురువారమేనా పుట్టినరోజు?"

ఆవిడ చూపు అరల మీదికి జారిపోయింది. "ఆ... అలాంటిదే."

పుట్టినరోజుల్లో అలాంటివీ ఇలాంటివీ ఉంటాయా?

ఆవిడ తాడు కట్టి లాగే చెక్క బాతును తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, చక్రాన్ని గోటితో పెళ్లగించి చూసింది. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని, బాతు ముక్కుతో తన నుదుటి మీద టక్కున కొట్టుకుంది. మొహం చిట్లించి, దాన్ని మళ్లీ అరలో పెట్టేసింది.

పిన్ని అమ్మాయిని సైగ చేసి పిలిచింది.

"దీని వాలకం నాకేం నచ్చలేదే. బొమ్మలు చూపించి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లుంటారు. గార్డుని పిలవనా?"

"ఉండు పిన్నీ. ముందు నన్ను అడగనీ."

ఒక్క తప్పు దొరికితే చాలు. దొరికాక ఏం చెయ్యాలో అమ్మాయి ఎప్పుడో అనుకుని ఉంది.

ఆవిడ ఈసారి రైలింజను తీసింది. మీట నొక్కగానే అది కూత పెట్టింది. ఆవిడ ఉలిక్కిపడి చటుక్కున ఆపేసింది.

"ఇది వద్దమ్మా. చప్పుడంటే వాడికి హడలు."

"హడలా? ఎందుకు? ఎవరైనా కసురుతారా?" అమ్మాయి గొంతు తనకి తెలియకుండానే లేచింది.

ఆవిడ వింతగా చూసింది. "కసరడమా! వాణ్ణా? మిక్సీ తిప్పితే మంచం కింద దూరతాడని, రోజూ గిన్నె పట్టుకుని పక్కింటికెళ్లి తిప్పుకొస్తున్నాను. వాళ్లు తలుపు తియ్యడం మానేసేలా ఉన్నారు."

అమ్మాయి నవ్వలేదు. కబుర్లు ఎవరైనా చెబుతారు.

"రాత్రుళ్లు నిద్రపోతాడా?"

"వాడు పోతాడు. పోనిది మేమే."

"ఒకసారి ఫొటో చూపించండి మేడమ్. పిల్లాణ్ణి చూస్తే బొమ్మ నేను చెప్పేస్తాను."

ఆవిడ మొహం మారిపోయింది. చేతిలో ఉన్న ఫోన్ సంచిలో వేసి, జిప్పు లాగేసింది.

"ఫొటో... లేదమ్మా."

తల్లి ఫోన్లో కొడుకు ఫొటో లేదంటే, సముద్రంలో ఉప్పు లేదన్నట్టే. అమ్మాయి ఒకడుగు ముందుకేసింది.

"తప్పుగా అనుకోకండి మేడమ్. వాడు మీ బాబేనా?"

కౌంటర్లో చిల్లర చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ కోప్పడలేదు. పిల్లలు కూర్చునే చిన్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది.

"గురువారం వాడు పుట్టిన రోజు కాదు. రెండు నెలల పసిగుడ్డుగా మా ఇంటికొచ్చిన రోజు. పెంచుకుంటున్నాం. అసలు తేదీ కాగితాల్లో ఉంది. కానీ ఆ రోజు నాకు కేకు కొయ్యబుద్ధి కాదు. ఎక్కడో ఆ కన్నతల్లి ఏడుస్తూ ఉంటుంది కదా. ఇక్కడ మనం చప్పట్లు ఎలా కొడతాం?"

అమ్మాయి పక్కనున్న అర పట్టుకుంది.

"మరి... ఫొటో?"

"మా ఆయన ఎవరికీ చూపించొద్దంటారు. పోలికలు పట్టి ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని భయం. నాకూ భయమే." ఆవిడ సంచి జిప్పు తీసింది. "అయినా నీకు చూపిస్తే ఏమవుతుందిలే."

అమ్మాయి ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. తెర ఆరిపోయింది. వేలితో తాకి మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది. మళ్లీ వెలిగించింది.

"బాతుతో ఎందుకు కొట్టుకున్నారు?" అంది, తలెత్తకుండా.

"అయ్యో, చూశావా!" ఆవిడ నుదురు తడుముకుంది. "ఏది చేతికిచ్చినా ముందు నుదుటికేసి కొట్టుకుంటాడు వెధవ. ఎంత తగులుతుందో చూద్దామని."

ఫోన్ తిరిగిచ్చేసి అమ్మాయి లోపలి గదిలోకి వెళ్లింది. చాలాసేపటికి ఒక గుడ్డ ఏనుగును పట్టుకొచ్చింది. కళ్లు దారంతో కుట్టినవి. కుట్టు కుట్టునీ ఆవిడ కళ్లెదుటే తను లాగి చూపించింది.

"ఊడేవేం లేవు. కూత పెట్టదు. ఎంత కొట్టుకున్నా దెబ్బ తగలదు."

"ఎంత ఓపికమ్మా నీకు! ఇకనుంచి నీ దగ్గరికే వస్తాను."

"జాగ్రత్త మేడమ్," అంది అమ్మాయి.

తలుపు మూసుకోగానే పిన్ని కౌంటరు మీదికి వంగింది. "ఏమైందే? దొంగా, కాదా?"

"కాదు పిన్నీ. చాలా మంచిది."

కొట్టువాళ్లిచ్చిన కోటు విప్పి, మడత పెట్టి, కౌంటరు మీద ఉంచింది.

"రేపట్నుంచి నేను రాను."

"ఇదేం చోద్యమే! ఉన్నట్టుండి ఇప్పుడేమొచ్చింది?"

అమ్మాయి గాజు తలుపు తోసుకుని బయటికి నడిచింది.

బాబుని తిరిగి తెచ్చుకోవడానికి ఒక్క సాకైనా దొరక్కపోతుందా అని, వాళ్లుండే వీధి వెతుక్కుంటూ వచ్చి, ఎనిమిది నెలలుగా ఆ కొట్లో కాచుకుని కూర్చున్నది వాడి కన్నతల్లి.