మత్తు కొలువు

"రెండు కొలువులొచ్చినయవ్వా. ఒకటి మిలిటరీ దవాఖానల, కాశ్మీర్ దిక్కు. ఇంకోటి గీ నిజామాబాద్‌లనే, మత్తు డాక్టర్ కాడ నర్సు. ఏది ఒప్పుకోమంటవ్?" చేతిలోని ఫోన్ చూస్తూ తల్లిని అడిగింది స్నేహలత.

మత్తు అన్న మాటకే సాయవ్వ గుండె గుభేలుమంది. ఆమె పెనిమిటి కల్లు మత్తులోనే పోయాడు.

"మిలిటరీకే పో బిడ్డా."

స్నేహలత మీట నొక్కింది. "మిలిటరీకి ఒప్పుకున్నట్టు పంపిన. నీ దగ్గరనే ఉండమంటవనుకున్ననవ్వా."

"మత్తు పోసేకాడ నిన్నెట్లుంచుదు?"

"అయ్యో, కల్లు గాదవ్వా! ఆపరేషన్ల నొప్పి తెల్వకుండ సూదిమందిస్తరు. మల్ల మెలకువొచ్చేదాక మేం పక్కనే ఉంటం."

"పక్కనేనా?" సాయవ్వ ఫోన్ మీదికి వంగింది. "జర ఎనుకకు తియ్యరాదా బిడ్డా?"

"పంపినంక రాదవ్వా."

సాయవ్వ ఫోన్ అందుకుని, పలక మీది తప్పు తుడిచినట్టు, అద్దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.