గోడ అవతల హార్స్‌ఫాల్

గోడ మళ్ళీ దబదబ మోగింది.

కుర్చీలో కునుకు తీస్తున్న విన్నీ క్రాబ్‌ట్రీ ఉలిక్కిపడి లేచింది. గుప్పున మాడు వాసన.

"మళ్ళీ మొదలెట్టాడు మహానుభావుడు!"

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు వరసగా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. అవతలి ఇంట్లోకి హార్స్‌ఫాల్ అనే ముసలాయన వచ్చి ఏడాది కావస్తోంది. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే.

కానీ మధ్యాహ్నం విన్నీకి కాస్త కన్నంటుకుంటే చాలు, గోడ బాదేవాడు. బాదినప్పుడల్లా ఆ మాడు వాసన కూడా.

ఆమె తిరిగి బాదడానికి చీపురుకర్ర కోసం వంటింట్లోకి పరుగెత్తేది. ఎలాగూ వచ్చాను కదా అని పొయ్యి మీది బఠాణీల గిన్నె దించేది. తర్వాత గోడకు నాలుగు వడ్డించేది.

అవతల వెంటనే సద్దుమణిగేది. తన దెబ్బకు జడిశాడని విన్నీ మురిసిపోయేది.

ఒకరోజు ఆయన్ను గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమయ్యా, గోడ నీ ఒక్కడి సొత్తా?"

ఆయన టోపీ తీశాడు. "చప్పుడు మీ ఇంట్లోదేనమ్మా. గంట మోగుతుంటుంది."

"గంటా? ఇది ఇల్లనుకున్నావా, చర్చి అనుకున్నావా?"

"మీకు వినబడదా?"

"మిల్లులో మగ్గాల మధ్య బతికినదాన్ని. చప్పుడంటే ఏమిటో నాకు నేర్పకు. ఆ మాడు వాసన కూడా నాదేనంటావా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది వీడి వరస, అనుకుంది విన్నీ. అయినా మనసులో ఏదో తికమక. గంటేమిటి?

ఆ వారమే వడ్రంగి డెరెక్‌ను పిలిపించింది. అతను గోడకు ఎడంగా చెక్క చట్రం నిలబెట్టి, లోపల చప్పుడు ఆపే దూది దట్టంగా కూరాడు. పైన పలకలు బిగించాడు. నేల అంచున, పాత పొగగూటి చుట్టూ ఉన్న సందులన్నీ పూడ్చేశాడు.

"ఇక అవతల బ్యాండుమేళం మొత్తం దిగి ఊదినా మీకు వినబడదు పెద్దమ్మా."

"వాసనో?"

"సూది దూరే సందు కూడా లేదు."

గది జానెడు ఇరుకైంది. గోడ మాత్రం మూగబోయింది. విన్నీ హాయిగా నిద్రపోయింది.

లేచేసరికి మాడు వాసన. ఇదివరకటికంటే ఘాటుగా.

డెరెక్ మళ్ళీ వచ్చి గోడంతా తడిమి చూశాడు. "ఇది అటునుంచి వచ్చేది కాదమ్మా."

"మరి ఎటునుంచి?"

అతను బుర్ర గోక్కున్నాడు.

మర్నాటి మధ్యాహ్నం వీధి కిటికీ అద్దం దడదడలాడింది. విన్నీ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా, అద్దానికి ఆనించిన మొహం. హార్స్‌ఫాల్! రెండు అరచేతులతో అద్దం బాదుతూ, నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు.

"ముసలివాడికి ఇదేం పోయేకాలం!"

గోడ మూసేస్తే కిటికీ పట్టుకున్నాడు. ఆడకూతురు పడుకుంటే తొంగి చూస్తాడా! విన్నీ వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చి ఆయన్ను గట్టిగా మందలించి వెళ్ళారు.

ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గరికి రాలేదు. ఎదుటి కాలిబాట మీద నిలబడి ఆమె ఇంటివంక చూస్తూ ఉండేవాడు. విన్నీ తెరలు వేసేసింది.

కొన్నాళ్ళకు ఆయన కూతురొచ్చి తండ్రిని కారెక్కించుకుని తీసుకుపోయింది.

"పీడా విరగడైంది," అంది విన్నీ తెర పక్కనుంచి చూస్తూ. కానీ కారెక్కబోతూ ఆయన మళ్ళీ వెనక్కి వచ్చి, విన్నీ గుమ్మం ముందు నిలబడి, తలుపు తట్టకుండానే ఎందుకు వెళ్ళిపోయాడో ఆమెకు అంతుబట్టలేదు.

ఆ ఆదివారం అక్క కూతురు జానిస్ వచ్చింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసిందో లేదో, చెవులు మూసుకుంది. వంటింట్లోకి పరుగెత్తి, పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ తెరిచి, వచ్చి విన్నీని కుదిపి లేపింది.

"పిన్నీ! ఇంత గోలలో ఎలా నిద్రపడుతోంది నీకు?"

"ఏ గోల?"

జానిస్ నడవలో పైకప్పుకున్న గుండ్రటి తెల్ల పెట్టెను చూపించింది. దాని మీద ఎర్రదీపం మిణుకుమంటోంది.

"పొగొస్తే అరిచే పెట్టె పిన్నీ! చెవులు చిల్లులు పడుతున్నాయి."

విన్నీ చెవి ఒగ్గి చూసింది. "ఏమీ లేదే."

జానిస్ ఆమె మొహంలోకి చూసింది.

"మిల్లు తినేసింది పిన్నీ, నీ చెవుల్ని. మాటలు, దబదబలు తెలుస్తాయి. ఇలాంటి సన్నటి కూత తెలీదు. మరి ఇన్నాళ్ళూ నిన్నెవరు లేపారు?"

విన్నీ నున్నటి కొత్త గోడవంక చూస్తూ ఉండిపోయింది.

తర్వాత కోటు వేసుకుని పక్కింటికి వెళ్ళింది. తలుపు బార్లా తీసి ఉంది. హార్స్‌ఫాల్ కూతురు సామాను బయటికి చేరవేస్తోంది.

"మీ నాన్నగారితో ఒక మాట చెప్పుకోవాలమ్మా. ఎక్కడున్నారు?"

"నాన్న పోయారండీ, బుధవారం. గుండె ఆగింది."

విన్నీ ఏదో ఒకటి అనాలని, ఆ పిల్ల చేతిలో ఉన్న టీవీ వంక చూసింది. అట్టపెట్టె కూడా విప్పలేదు.

"కొత్తదా అమ్మా?"

"ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు నేనే కొనిచ్చానండీ. ఒక్కనాడూ పెట్టుకోలేదు, రేడియో కూడా మూలన పడేశారు. ఎందుకు నాన్నా అంటే, ఇవి మోగితే పక్కావిడ ఇంట్లో గంట నాకు వినబడదు అనేవారు. ఎవరండీ ఆవిడ, మీకేమైనా తెలుసా?"