మేజోళ్లు లేని గోలు

ఇప్పుడు ఏ ఊరి మైదానం చూసినా ఆడపిల్లలంతా మారెక్కలాగే తంతున్నారు. ఫుట్‌బాల్‌లో ప్రపంచ కప్పు తెచ్చిన ఆమె తన్నుడును ఒక కంపెనీ మేజోళ్లలోకి ఎక్కించి అమ్ముతోంది; అవి తొడుక్కుంటే ఎవరి కాలైనా ఆమెలాగే తంతుంది. జిల్లా జట్టు ఎంపికలో మా అమ్మాయి వన్నూరమ్మ ఆ మేజోళ్లు విప్పేసి, తన కాలితోనే గోలు కొట్టింది.

"మారెక్క ఇలా తన్నదు. ఈ గోలు చెల్లదు," అంది ఎంపిక కోసం కంపెనీ పెట్టిన యంత్రం.

మైదానంలో సున్నం గీతలు గీసే నేను సున్నం డబ్బా విసిరికొట్టాను. దేవుడిచ్చిన కాలితో తన్నడం కూడా తప్పేనా?

ముఖ్య అతిథిగా వచ్చిన మారెక్క లేచింది.

"నేను ఎవుర్ని జూసి తన్నినానప్పా? నా ముందర ఎవురుండ్రి?" అని కంపెనీ ఆఫీసరును అడిగింది.

ఆమె చెప్పులు విడిచి గోలు ముందర నిలబడింది. "కొట్టు పాపా. నా మొగం జూడొద్దు, బంతిని జూడు."

బంతి ఆమె చేతి వేళ్లను రాసుకుంటూ వలలో పడింది.

మారెక్క ఆఫీసరు వైపు తిరిగింది. "ఈ పాపను జట్టులోకి తీసుకోకుంటే, మీ మేజోళ్లలో ఉండే నా కాలు నాకిచ్చేయండి."