మంగళవారం పడవ

“సముద్రుడు విశ్రమించే మంగళవారంనాడు, వేట కూడదని తెలిసీ, కోబినా పడవను నీట దింపాడు. ఇక ఆ పడవ కొలువుకే చెందాలి!”

దండధారి అమిసా బంగారుపిడి కర్రను నేలకు తాటించాడు. రాజు చెవిలో చెప్పిన పలుకును అందంగా అల్లి సభకు వినిపించేవాడు, సభవారి పలుకును రాజుకు విన్నవించేవాడు అతడే. రాజు స్వయంగా గొంతెత్తడం ఆ రేవులో మర్యాద కాదు.

కోబినా చెల్లెలు ఎఫువా లేచి నిలబడింది. ఆనాడు ఒడ్డున ఉన్నది ఆ పదేళ్ల పిల్ల ఒక్కతే.

“అ... అ... అన్నయ్య...”

“అన్నయ్య తప్పు చేశాడంటోంది ప్రభూ!” అమిసా అందించేశాడు.

సభ గొల్లుమంది. “సొంత చెల్లెలే ఒప్పేసుకుంది!”

తల్లి కంగారుగా లేచింది. “అయ్యా, దానికి నత్తి. దాని బదులు నేను చెబుతా.”

“నువ్వు చూశావుటే?” అమ్మమ్మ ఎకువా కసిరింది. “కూర్చో. తల్లీ, నువ్వు నా మొహం చూసి చెప్పు. మనింట్లో చెప్పినట్టే. తొందరేం లేదు.”

“పొద్దుగూకుతుంది ముసలమ్మా!” అన్నాడు అమిసా.

“గూకనీ. నీకేమన్నా పెళ్లిచూపులున్నాయా?”

అందరూ నవ్వారు. ఎఫువా కూడా నవ్వి, ఊపిరి పీల్చుకుంది.

“తా... తాడు తెగింది. పడవ కొ... కొట్టుకుపోయింది. అన్నయ్య ఈది, వె... వెనక్కి తెచ్చాడు. వల ఇంట్లోనే ఉంది.”

“అదా సంగతి!” అన్నాడు జాలరి పెద్ద. “గుంజకు తెగిన తాడు వేలాడుతుంటే తర్వాత నేనూ చూశాను. ఆ వలకు చుక్క తడి లేదు.”

తీర్పు వినడానికి అమిసా వంగి చెవి ఒగ్గాడు. ఎఫువానే చూస్తున్న రాజు అతణ్ణి మెల్లగా పక్కకు జరిపి, తానే నోరు తెరిచాడు.

“ప... ప... పడవ...”

సభ నిర్ఘాంతపోయింది. అమిసా అలవాటుకొద్దీ అందుకున్నాడు. “పడవ కొలువుకే...”

అమ్మమ్మ చేతికర్ర అతడి మోకాలికి తగిలింది. “నోర్ముయ్యరా అమిసా! వాణ్ణి పూర్తి చెయ్యనీ!”

రాజును ‘వాడు’ అన్నందుకు సభ వణికిపోయింది. రాజు మాత్రం చిన్నప్పుడు ఆమె నేర్పినట్టే ఆమె మొహంలోకే చూస్తూ, ఏమాత్రం తొందర లేకుండా పలికాడు.

“ప... పడవ కోబినాదే. మ... మనింట్లో లాగే చెప్పానా, పె... పెద్దమ్మా?”