వరదయ్య మూసిన దారులు

గోవిందుడి పేరు, పక్కన ఒకటి రెండు మూడు.

చిత్తూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో అన్ని కంప్యూటర్లకూ అదే పాస్‌వర్డ్. స్వామి పేరుంటే ఏమీ కాదని అందరికీ ధీమా.

కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన వరదయ్య మొదటి వారంలోనే దాన్ని తీసేశాడు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకిచ్చి, ఎవరి పనికి కావలసినంతే వాళ్లకు కనిపించేలా చేశాడు. బ్లడ్ బ్యాంక్ కంప్యూటరుకైతే విడిగా ఫైర్‌వాల్ పెట్టి, బయటి నుంచి ఎవరికీ దారి లేకుండా చేశాడు. ఆసుపత్రి కంప్యూటర్లలోకి ఎవరు వచ్చినా ఆ చిట్టా అందులో నమోదయ్యేలా పెట్టాడు.

నర్సులు సణిగారు. మేనేజర్ ఆదికేశవులు ఇంటి నుంచి బ్లడ్ బ్యాంక్ వివరాలు చూడబోతే తెరుచుకోలేదు.

“నాకే వాకిలేస్తావా అబ్బా?”

“మీకు కాదు సార్. మీ పేరు చెప్పుకొని వచ్చేవానికి.”

ఆదికేశవులుకు ఒళ్లు మండింది. నెల తిరక్కుండానే వరదయ్యను పంపేశాడు. అందరికీ మళ్లీ పాత పాస్‌వర్డే వచ్చింది. బ్లడ్ బ్యాంక్ ఫైర్‌వాల్ మాత్రం, తీయడం ఎవరికీ చేతకాక ఉండిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం తెరలన్నీ బిగుసుకుపోయాయి. ఎవరో దొంగలు ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతున్నారు. పనిచేసింది బ్లడ్ బ్యాంక్ కంప్యూటరొక్కటే. కాన్పులో ప్రాణం మీదికొచ్చిన రూతు అనే అమ్మాయికి సరిపడే రక్తం ఉందేమో అందులో చూసి, తెచ్చి ఎక్కించారు. తల్లీబిడ్డా దక్కారు.

అప్పుడు వరదయ్య పేరు ఆదికేశవులుకు గుర్తొచ్చింది, కృతజ్ఞతతో మాత్రం కాదు.

“దారులన్నీ తెలిసినోడు వాడొక్కడే. తీసేసినామని కక్ష పెట్టుకున్నాడు,” అని ఫిర్యాదు ఇచ్చాడు.

ఐరాలలో వరదయ్య ఇంటి ముందు జీపు ఆగింది. వీధి వీధంతా చూసింది. సోమవారం కొత్త ఉద్యోగంలో చేరవలసిన కాలేజీ వాళ్లు ఇక రావద్దని కబురు పెట్టారు.

రెండు రోజులు స్టేషన్ బల్ల మీద కూర్చుని ఒకటే మాట చెప్పాడు. “బ్లడ్ బ్యాంక్ కంప్యూటర్లో అంతా రాసి ఉండాది సార్. ఒకసారి సూడండి.”

ఎవరూ చూడలేదు.

మూడో రోజు తిరుపతి నుంచి వచ్చిన నిపుణురాలు భవిత చూసింది. ఎవరు ఏ రోజు ఏ పేరుతో లోపలికి వచ్చారో ఆ చిట్టాలో భద్రంగా ఉంది.

దొంగలు వచ్చింది ఆదికేశవులు పేరుతో.

“మరి వరదయ్య పేరు?” పక్కనే ఉన్న ఆదికేశవులు అడిగాడు.

“ఆ పేరుతో రావడానికి దారే లేదు సార్. ఆయన్ను పనిలోంచి తీసేసిన రోజు, సాయంత్రం నాలుగూ యాభైకే మూసేసినారు.”

“ఎవరు?”

భవిత తెరను అతని వైపు తిప్పింది.

మూసినవారి పేరున్న చోట, వరదయ్య అనే ఉంది.