రెండో తాడు

"ఆగు సిస్టరమ్మా. ముందు మాట తేలాలి," అంటూ తండ్రి పాపను ఛాతీకి హత్తుకున్నాడు. "ఈ తట్టు టీకాతో ఏమీ కాదని రాసిస్తావా?"

నర్సు సూది పట్టుకున్న చెయ్యి దించింది. "రాసివ్వను. జ్వరం రావచ్చు, ఒళ్లు పేలవచ్చు. ఏ లక్షల్లోనో ఒకరికి ఇంకా పెద్ద ప్రమాదమే కావచ్చు. అందుకే అరగంట ఇక్కడే కూర్చోమంటాం. కానీ తట్టే వస్తే ప్రాణం మీదికి రావచ్చు."

"విన్నావా? తనే ఒప్పుకుంది!" అని అతను భార్య వైపు తిరిగాడు. "కోరి జ్వరం తెచ్చుకోవడమెందుకు? పాపని దేవుడే చూసుకుంటాడు."

"మేడల గోడలకి వేలాడి రంగులేస్తావు," అంది భార్య. "నిన్నూ ఆయనే చూసుకుంటాడుగా, నడుముకి రెండో తాడెందుకు? ఆ తాడు ఒరుసుకుపోయిన ఒరుపుకి నూనె రాయలేక చస్తున్నా."

"మొదటిది తెగితేనో?"

"ఇన్నేళ్లలో తెగిందా?"

"పిచ్చిదానా, ఒక్కసారి తెగితే చాలదూ? ఒరుపుదేముంది, నాలుగు రోజుల్లో మానుతుంది. ప్రాణం..."

అతను కిందికి చూశాడు. పాప అతని చొక్కా గుండీ చప్పరిస్తోంది.

అతను పాప చొక్కా చెయ్యి పైకి మడిచాడు. కళ్లు మాత్రం నర్సును వదల్లేదు.

"ఆ సూది పారెయ్. కొత్తది నా కళ్లముందు విప్పు. తాడెక్కేముందు ముడి నేనే లాగి చూసుకుంటాను, ఇదీ అంతే."

"అలాగే. తర్వాత అరగంట..."

"గంట కూర్చుంటాం. దేవుడు చూస్తూనే ఉంటాడు. నేనూ చూస్తాను."